తప్పొప్పుల పట్టిక

కాశీబుగ్గ శాఖా గ్రంథాలయంలో
ఎడంపక్క బీరువా తలుపు సరిగా పడదు,
అట్టముక్క మడిచి ఇరికిస్తాను.
అందులో ఉంటాయి తొలి పరిచయాలు,
ఎనభై పేజీలు దాటనివి,
ఎవర్నీ పండితుణ్ణి చేస్తామని ఒట్టు పెట్టనివి.
తేనెటీగల పెంపకం. విషం ఉన్న పాములూ లేనివీ.
భూకంపం ఎందుకొస్తుంది.
గడియారాల మరమ్మతు ఉండాల్సిన చోట ఖాళీ:
గొరకల దండాసి పట్టుకెళ్లి పదకొండేళ్లు.
బస్టాండు దగ్గర కొట్టు పెట్టాడు.
పుస్తకం అతని బల్లమీదే ఉంది, నూనె మరకలతో.
నేను అడగను, అతను ఇవ్వడు,
నా వాచీ బాగుచేస్తే డబ్బు తీసుకోడు.

ఒక బుధవారం సాయంత్రం, కరెంటు లేదు,
తామాడ దాలమ్మ గుమ్మంలో చెప్పులు విప్పి అడిగింది:
"బాబూ, ఏళ్ల గురించి పుస్తకం ఏటైనా ఉన్నాదేటి?"

నదుల పుస్తకం తీసిచ్చాను.
వంశధార, నాగావళి, మహేంద్రతనయ.
నవ్వింది.
"ఆ ఏళ్లు కావు, ఇయి"
అని చేతులు చాపింది.

ఇరవై మూడేళ్లు జీడిపిక్కలు కొట్టిన చేతులు.
పెంకులోని నూనె తాగి నల్లబడ్డాయి.
కొనలు మాత్రం నున్నగా,
ఏటిలో దొర్లిన గులకరాళ్లలా.
నేను తీసిన మొదటి పుస్తకం
మరీ అంత తప్పు కాదేమో.

డిపోలో మిషన్ మీద వేలు పెడితే
తుడిచి పెట్టమంటుందట, మళ్లీ పెట్టమంటుందట.
మూడో నెల, బియ్యం లేవు.
"నాను నాను కానని ఆ డబ్బా సెప్తంటే
నానేనని సెప్పే పుస్తకం కావాల."

వెతికాను. ఉంది.
వేలిముద్రల శాస్త్రం మీద సన్నని పుస్తకం,
ఎర్ర అట్ట, వెల రెండు రూపాయలు.
తేదీల చీటీ మీద ఒక్క ముద్రా లేదు.

ఐదో తరగతి దాకా చదివిందట.
కిటికీ వెలుగులో కూచుని
వాక్యం కింద వేలు పెట్టి నడిపింది.
సుడులు, వలయాలు, విల్లులు.
అమ్మ కడుపులోనే గీసుకుంటాయన్న చోట
"ఓలమ్మ!" అంది.
పేజీ తిప్పింది.
పుట్టుక నుంచి చావు దాకా ఇవి మారవు
అన్న ముక్క కింద
ఆ నున్నటి వేలు ఆగిపోయింది.

"ఇది రాసినాయన పలాస రాలేదు గావాల."

గొంతులో కోపం లేదు,
దారి తప్పిన చుట్టం మీద జాలిలాంటిదేదో.

నేను పుస్తకాల తరఫు మనిషిని.
సర్దబోయాను: ఇది పరిచయ గ్రంథం దాలమ్మా,
పెద్ద పుస్తకాల్లో మినహాయింపులు రాస్తారు.
"పెద్దయి మాకాడికి రావు గదా బాబూ,
సిన్నదాంట్లోనే సరిగ్గుండాల."

ముందుమాట తీశాను. ఆఖరి పేరా,
అందరూ రాసేదే, ఎవరూ చదవనిదే:
లోపాలుంటే తెలియజేయండి,
మలి ముద్రణలో సవరించుకోగలం.

తెల్లకాగితం తీశాను. రెండు ప్రతులు.
ఆమె చెప్పింది, నేను రాశాను:
నలభైయొకటో పేజీ, ఆరో లైను.
మారవు అని ఉన్నది.
మారతాయి.
బూడిద రాసుకున్నా మారతాయి, ఆముదం రాసుకున్నా మారతాయి.
తొడుగులు వేసుకుంటే పప్పు ముక్కలవుతుంది,
ముక్కలయితే కూలి కోస్తారు.
ఇది కూడా రాయవలెను.

సంతకం చెయ్యగలదు, చెయ్యలేదు.
నా తేదీముద్రల స్టాంపు ప్యాడ్ దగ్గరికి లాక్కుని
బొటనవేలు అద్దింది.
గీత ఒక్కటీ లేని నీలి మచ్చ.

ఉత్తరం తిరిగొచ్చింది.
ఆ చిరునామాలో ఎవరూ లేరని పోస్టుమేన్ రాత.
రెండో ప్రతిని
నలభైయొకటో పేజీ పక్కన అంటించాను.
జిగురు అయిపోయింది,
నా టిఫిన్ క్యారేజీలో అన్నం మెతుకులు వాడాను.

ఆమె బియ్యం ఆ పై నెల
పదేళ్ల మనవడి వేలితో వచ్చాయి.

నిన్న తేనెటీగల పుస్తకం పట్టుకెళ్లింది.
తేనెటీగల గురించి ఆమెకేం తెలుసో
నాకు తెలీదు.
నాలుగు తెల్లకాగితాలు
సొరుగులోంచి తీసి బల్లమీద పెట్టాను.